పెద్దమనిషి చెవి

జూన్ 3

ఏ శబ్దం ఎలా వినపడుతోందో రోజూ రాసుకోమంది ఆసుపత్రిలో నా చెవి మిషను సరిచేసే ఆడియాలజిస్టు అమ్మాయి. రాస్తాను. ఆ అమ్మాయికి చూపిస్తానని మాత్రం అనలేదు.

ఫ్యాను: డబ్బాలో గులకరాళ్ళు. షట్టరు: పెద్ద డబ్బాలో పెద్ద రాళ్ళు. నా దగ్గు: ఎవరో తలుపు కొట్టారనుకుని వెళ్ళి తీశాను.

మా ఆవిడ గొంతు: మాట్లాడితే కదా రాయడానికి.

జూన్ 4

ఒళ్ళు మండుతోంది కాబట్టి రాస్తున్నాను.

ఆరేళ్ళు నాకు రెండు చెవులూ లేవు. ఉన్నట్టుండి ఒక పొద్దున పోయాయి. ఆ ఆరేళ్ళూ మా ఆవిడ నోరు మూసింది లేదు. సాయంత్రం షట్టరు సగం దించడం, మెత్తటి గుడ్డ తీసుకుని ఒక్కొక్క కళ్ళజోడూ తుడవడం, తల వంచుకుని ఏదో చెబుతూ పోవడం. మాది కళ్ళజోళ్ళ దుకాణం కాబట్టి నాలుగు గోడలకీ అద్దాలే. ఎటు తిరిగినా ఆవిడ పెదవులు కదులుతూ కనపడేవి. తల వంచుకుని మాట్లాడితే పెదవుల్ని బట్టి మాట పట్టడం నా వల్ల కాదు. తలూపేవాణ్ణి. నా గురించి నాలుగు మంచి మాటలే అయి ఉంటాయని నా నమ్మకం.

ఇప్పుడు తల లోపల తీగ వేయించుకుని, తల మీద అయస్కాంతం అంటించుకుని, చెవి వెనక మిషను తగిలించుకుని, ఇంత తతంగం అయ్యాక ఎదురుగా కూర్చుంటే గుడ్డ పెట్టి తుడుస్తూ కూర్చుంది. గుడ్డ చప్పుడు కూడా వినపడుతోంది. నోరు మాత్రం కదలడం లేదు.

"ఏమోయ్, ఏం మాట్లాడవేం?" అన్నాను.

"ఏం లేదండీ."

ఈ రెండు ముక్కల కోసమా నేను పుర్రెకి చిల్లు పెట్టించుకుంది?

నాకన్నా గుమ్మం పక్క గాజుబీరువాలో కూర్చునే ప్లాస్టర్ తలకాయ నయం. వారానికో కొత్త కళ్ళజోడు పెడుతుంది దానికి మా ఆవిడ. ముక్కు తుడుస్తుంది. ఏం తగిలించినా కిక్కురుమనడని మా బావమరిది దానికి పెద్దమనిషి అని పేరు పెట్టాడు. ఈ ఇంట్లో సుఖపడుతున్నది వాడొక్కడే.

జూన్ 5

ఏం లేదట.

జూన్ 6

ఇవాళ తనంతట తానే మొదలుపెట్టింది! చేతిలో గుడ్డ పక్కన పెట్టి మరీ.

"మీకు వినపడ్డం మానేసిన ఆ మంగళవారం ఉంది చూశారూ..."

"బుధవారం," అన్నాను.

ఆగింది. "సరే, బుధవారం. పొద్దున్నే మీరు బల్ల దగ్గర నిలబడి..."

"బల్ల దగ్గర కాదు. నిచ్చెన మీద ఉన్నాను. పై అరలోంచి పిల్లల ఫ్రేములు తీస్తున్నాను."

మళ్ళీ గుడ్డ చేతిలోకి తీసుకుంది. "ఏం లేదులెండి."

"చెప్పవోయ్, వింటున్నాగా!"

"మర్చిపోయాను."

ఈ మనిషికి మరుపు ముదురుతోంది. వారం తప్పు, చోటు తప్పు, ఆఖరికి సంగతే మర్చిపోయింది. ఎవరికైనా చూపించాలి.

జూన్ 9

ఆసుపత్రికి వెళ్ళాం. మాటలు ఇంకా స్పష్టంగా కావాలని గొడవ పెట్టాను. ఆ అమ్మాయి ఒక చిన్న మైకు ఇచ్చింది, బొటనవేలంత. ఎవరి కాలరుకి తగిలిస్తే వాళ్ళ మాట తీగ లేకుండా నేరుగా నా మిషనులోకి వచ్చి పడుతుంది.

"మైకులో మాట ఎంత కావాలి సార్, చుట్టూ ఉన్న శబ్దం ఎంత కావాలి? సగం సగం పెట్టనా?"

"మొత్తం మైకే పెట్టమ్మా."

"అలా పెడితే ఎదురుగా ఉన్న మనిషి మాట వినపడదు సార్."

"ఎదురుగా ఉంటే పెదవులు చూసి పట్టేస్తాను."

మైకు మా ఆవిడ పమిటకి పెట్టి, బయట వరండాలోకి పంపి, కంప్యూటరు మీద ఏవేవో నొక్కింది. ఇలా బాగుందా, అలా బాగుందా అని సైగ చేసింది. నాకు నవ్వొచ్చింది. నేను రోజంతా గిరాకీలకి అద్దాలు మార్చి మార్చి అడిగేది ఇదే. చార్టు ముందే కంఠతా పట్టి కళ్ళు బాగున్నాయని బుకాయించేవాళ్ళని నేను ఎన్ని తిట్లు తిట్టానో. అబద్ధం చెబితే నష్టం నాకు కాదు నాయనా, నీకే అంటాను.

ఆ అమ్మాయి కాయితం నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది.

"చాలా స్పష్టంగా ఉందమ్మా," అన్నాను.

గుమ్మంలోంచి మా ఆవిడ తొంగి చూస్తోంది. తర్వాత చెప్పింది. మీ వయసెంత అని అడిగిందట.

ఆ అమ్మాయి నిట్టూర్చి, మామూలు వాడకానికి ఒకటో ప్రోగ్రాం, సగం సగానికి రెండోది, మొత్తం మైకుకి మూడోది పెట్టింది. మూడోది అవసరమైనప్పుడే వాడమంది. సరే అన్నాను.

జూన్ 10

మైకు మా ఆవిడకి పెట్టాను. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను ఆడుతుంటే నాకు ముందు గదిలో ఎవరొచ్చారో తెలియదు, గిరాకీ పోతుంది. అందుకే పెట్టాను, గిరాకీ ఉన్నప్పుడే వింటానని చెప్పి. అంతే. వేరే ఏం లేదు.

మూడోదే వాడుతున్నాను. అవసరం కాబట్టి.

మధ్యాహ్నం ఒక లారీ డ్రైవరు కళ్ళ పరీక్షకి వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టి, చార్టు వైపు తిరిగి, పుల్లతో ఒక్కొక్క అంకె చూపిస్తున్నాను. మూడు చూపిస్తే తొమ్మిది అన్నాడు. ఏడు చూపిస్తే ఎనిమిది అన్నాడు. అద్దం మార్చాను. ఆరు చూపిస్తే మళ్ళీ ఎనిమిదే. అయ్యో పాపం, ఈ చూపుతో లారీ ఎలా నడుపుతున్నాడని, అద్దం మీద అద్దం, అద్దం మీద అద్దం వేస్తూ పోయాను. ముక్కు బరువుకి ఆయన తల ముందుకి వంగిపోయింది.

సంగతేమిటంటే ముందు గదిలో మా ఆవిడ ఎవరిదో ఫోను నంబరు పైకి చదువుతూ పొట్లం మీద రాస్తోంది. మిషనులో ఆడ గొంతూ మగ గొంతూ నాకు ఇంకా ఒకేలా ఉంటాయి. డ్రైవరు పాపం అన్నీ సరిగ్గానే చదివాడట. ఆఖరికి కుర్చీ లోంచి లేచి, గోడ తడుముకుంటూ ముందు గదిలోకి వెళ్ళాడు.

"అమ్మా, మంచి కళ్ళతో వచ్చాను. మీ ఆయన నన్ను గుడ్డివాణ్ణి చేసి పంపేలా ఉన్నాడు!"

ఆ ముక్క మాత్రం మైకులోంచి గంట కొట్టినట్టు వినపడింది.

జూన్ 11

మా ఆవిడ నీళ్ళు తాగితే బావిలో బకెట్టు పడ్డట్టు ఉంది. తాళాలగుత్తి తీస్తే ఇల్లు కూలినట్టు ఉంది. మాటలు: "ఆ", "రేపు రండి", "ఆయన్ని అడగాలి". నాతో: "ఏం లేదండీ".

జూన్ 14

కలం గట్టిగా నొక్కి రాస్తున్నాను. అక్షరాలు బాగాలేవు.

సాయంత్రం వెనక గదిలో అద్దం అరగదీస్తున్నాను. మూడో ప్రోగ్రాంలో ఆ మిషను రొద అసలు వినపడదు, ఆ సుఖం ఒప్పుకోవాలి. ఆ నిశ్శబ్దంలో మా ఆవిడ గొంతు. నాతో వాడే గొంతు కాదు. మెత్తగా, తీరుబడిగా ఉంది.

"నీతో చెప్పుకుంటే ఎంత హాయిగా ఉంటుందో. మధ్యలో అడ్డం రావు. చివరిదాకా వింటావు. ఆ కళ్ళజోడు నీకెంత బాగుందో తెలుసా?"

అద్దం అంచు చిట్లింది. ఈ వయసులో! నా దుకాణంలో! నా సరుకు పెట్టుకుని!

పరుగెత్తుకెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. మా ఆవిడ ఒక్కతే ఫ్రేములు తుడుస్తోంది.

"ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదే."

మా పక్క మందుల షాపు ఆయన మీద నాకు ఎప్పటినుంచో అనుమానం. మొన్ననే బంగారు రంగు ఫ్రేము కొన్నాడు.

జూన్ 15

మందుల షాపు ఆయన్ని అనవసరంగా అనుమానించాను.

ఇవాళ వెనక గది తెర సందులోంచి అద్దంలో చూశాను. గాజుబీరువా తలుపు తీసి ఉంది. మా ఆవిడ స్టూలు లాక్కుని పెద్దమనిషి ఎదురుగా కూర్చుంది. ప్లాస్టర్ తలకాయ ఎదురుగా! వాడి ముక్కు తుడుస్తూ చెబుతోంది.

"ఆయనకి చెవులు లేనప్పుడే నయమయ్యా. ఏం చెప్పినా తలూపేవారు. ఇప్పుడు రెండు మాటలు చెబితే మూడు తప్పులు దిద్దుతారు. ఆ రోజు సంగతి ఆయనకి చెప్పుకోవాలని ఎంత ఉందో. ఆరేళ్ళుగా మోస్తున్నాను. నోటిదాకా వస్తుంది, వారమేదో దిద్దుతారు, మళ్ళీ మింగేస్తాను."

వాడు వింటున్నాడు. వాడికి చెవి రంధ్రాలే లేవు, ప్లాస్టర్‌తో పూడ్చేసి ఉంటాయి. అయినా వింటున్నాడు.

నేను ఎప్పుడు అడ్డొచ్చాను? ఒక్కసారి చెప్పమనండి. తప్పుంటే చెప్పానేమో. తప్పు దిద్దడం వేరు, అడ్డు రావడం వేరు.

ఆ రోజు సంగతి ఏమిటి? నాకు తెలియని సంగతి నా దుకాణంలో ఒక తలకాయకి తెలుసు.

జూన్ 16

పెద్దమనిషిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. ముక్కు పెచ్చు ఊడింది, రంగు వేయడానికి ఇచ్చానని చెప్పాను.

ఇక నాకే చెప్పాలి. ఎవరున్నారు ఇంకా?

జూన్ 17

ఏం లేదట. ఎవరికీ ఏం చెప్పలేదు. ఫ్రేములు కూడా తుడవలేదు.

జూన్ 18

బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, నోరు తిన్నగా ఉండదు. మైకు చూసి ముచ్చటపడి తన కాలరుకి తగిలించుకున్నాడు. జంతికలో బిస్కెట్లో, ఏదో పొట్లం విప్పి తిన్నాడు. నా తలలో రోడ్డు వేస్తున్నట్టుంది.

వాడితో సంగతి పైపైన అన్నాను. తలకాయ మాట చెప్పలేదు, నా పరువు నాకుంది.

"బావా, మా అక్క చిన్నప్పట్నుంచీ అంతే. కథ చెబుతుంటే ఆపితే మళ్ళీ చెప్పదు. మా నాన్న ఊఁ కొడుతూ కూర్చునేవాడు, గంటలు గంటలు చెప్పేది. నువ్వు ఊఁ కొట్టవు. తీర్పు చెబుతావు."

"నేను తీర్పు చెప్పడం ఎప్పుడు చూశావు?"

"ఇదిగో, ఇప్పుడు."

వాడికి చనువు ఎక్కువైంది.

జూన్ 19

ఇవాళ నోరు కుట్టేసుకుని కూర్చోవాలని నిర్ణయం. మా ఆవిడ తనే అంది, "పొద్దున్న కరెంటాయన వచ్చి వెళ్ళాడండీ." నేను ఊఁ అన్నాను. ఆశ్చర్యంగా చూసింది. "మీటరు పాతబడిందట." ఊఁ. "పోయినేడు కదా మార్పించాం..."

"పోయినేడు కాదు, అంతకుముందేడు."

పెదవుల మీద కొట్టుకున్నాను. చాలా ఆలస్యం అయిపోయింది.

జూన్ 21

ఇవాళ నా బతుకు బజారున పడింది.

మళ్ళీ ఆసుపత్రి. మిషను కంప్యూటరుకి తగిలించి ఆ అమ్మాయి తెర వైపు చూస్తూ కళ్ళు పెద్దవి చేసింది.

"రోజూ ఎంతసేపు ఏ ప్రోగ్రాంలో ఉన్నారో ఇందులో కనపడుతుంది సార్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూడులోనే ఉన్నారు! ఆ మైకు ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే," అంది మా ఆవిడ.

"అయితే రోజంతా మేడం ఏం మాట్లాడినా విన్నారన్నమాట. వేరే గదిలో ఉన్నా సరే."

మా ఆవిడ నా వైపు తిరిగింది. నేను గోడ మీద చెవి బొమ్మ వైపు చూశాను. లోపల నత్త గుల్లలాంటిది ఒకటి ఉంటుంది, చాలా చక్కగా గీశారు.

"సాయంత్రం కూడానా?" అంది.

"సాయంత్రం కూడా," అంది ఆ పిచ్చి అమ్మాయి, సంతోషంగా.

"ఏమ్మా, ఈ మిషనులో ఆయన నోటికి కూడా ఏదైనా బటన్ ఉందా?" అని అడిగింది మా ఆవిడ. ఆ అమ్మాయి కడుపు పట్టుకుని నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇల్లు వచ్చేదాకా బయటికే చూసింది. దిగాక ఒకే మాట: "పెద్దమనిషిని ఎక్కడ పెట్టారు?"

"అటక మీద."

"ముక్కు?"

"బాగానే ఉంది."

మైకు తన పమిట నుంచి తీసి నా చొక్కా జేబులో పడేసింది.

జూన్ 22

మైకు జేబులోనే ఉంది. మూడులోనే ఉంచాను. పంతం ఆవిడ ఒక్కదానికేనా?

వినపడినవి: నా చొక్కా. నా కడుపు. మళ్ళీ నా కడుపు. గిరాకీతో మాట్లాడుతుంటే నా గొంతు నా తలలోనే మోగుతోంది. "కాదండీ, అలా కాదు, నేను చెప్పేది వినండి." ఎవరీ మనిషి, ఎవర్నీ మాట్లాడనివ్వడు అనుకున్నాను. కాసేపటికి మైకు కట్టేశాను.

జూన్ 23

మా ఆవిడ మాట్లాడటం లేదు. "ఏం లేదండీ" కూడా లేదు.

ఆవిడ మాట కోసం ఆపరేషను చేయించుకున్నాను. ఇప్పుడు దుకాణం నిండా శబ్దాలే, అది ఒక్కటే లేదు. నాకు భయంగా ఉంది. ఆ సంగతేదో ఇక ఎప్పటికీ చెప్పదేమో.

జూన్ 24

పొద్దున నిచ్చెన వేసుకుని అటక ఎక్కాను. పెద్దమనిషిని దించి, దుమ్ము తుడిచి, ఉన్నవాటిలో మంచి ఫ్రేము పెట్టి బల్ల మీద కూర్చోబెట్టాను.

సాయంత్రం షట్టరు సగం దించాక మా ఆవిడ చూస్తుండగా నా చెవి వెనక మిషను తీశాను. తల మీద అయస్కాంతం ఊడదీశాను. ఫ్యాను ఆగిపోయింది, వీధి ఆగిపోయింది. ఆ మిషను తీసుకెళ్ళి పెద్దమనిషి చెవికి తగిలించాను. మైకు పెట్టెలో పెట్టి మూత వేశాను. నేను నా కుర్చీలో కూర్చున్నాను, పాత రోజుల్లో కూర్చున్నట్టు.

పెద్దమనిషిని చూసింది, నన్ను చూసింది. తర్వాత గుడ్డ తీసుకుంది. తల వంచుకుని ఒక ఫ్రేము తుడిచింది. రెండో ఫ్రేము తుడుస్తుంటే పెదవులు కదిలాయి.

నాలుగు గోడల అద్దాల్లోనూ మా ఆవిడ మాట్లాడుతోంది. ఏం చెబుతోందో ఒక్క ముక్క తెలియలేదు. తలూపుతూ కూర్చున్నాను. నాకు ఎంత బాగుందో రాయలేను. వినపడకపోతే పోయింది, మాట్లాడుతోంది కదా అనుకున్నాను.

మధ్యలో గుడ్డ ఆగింది. కళ్ళు తుడుచుకుంది. లేచింది, పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. పెద్దమనిషి చెవి నుంచి మిషను తీసింది. నా దగ్గరికి వచ్చి నా చెవి వెనక తగిలించి, అయస్కాంతం పట్టే చోటు కోసం నా బట్టతల అంతా తడిమింది. తిరగేసి పెడితే కింద పడింది. ఏరి, మళ్ళీ పెట్టింది. ఎన్నో నంబరు అన్నట్టు వేళ్ళు చూపించింది. ఒక వేలు చూపించాను. నొక్కింది.

ఫ్యాను వచ్చింది. మా ఆవిడ గొంతు వచ్చింది.

"...మళ్ళీ మొదట్నుంచీ చెబుతున్నాను. ఊఁ కొట్టండి చాలు. ఆ మంగళవారం పొద్దున మీరు బల్ల దగ్గర నిలబడి ఉన్నారు."

"ఊఁ."

"వెనకనుంచి పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. ముందురోజు మాటామాటా అనుకున్నాం కదా, పంతం పట్టారనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది నాకు. ఏం, చెవుడొచ్చిందా మీకు, వస్తే రానీండి, నాకు పీడా వదులుతుంది అని అరిచాను. అంత గొంతేసుకుని అరిచాను. అప్పుడు కూడా మీరు తిరగలేదు."

ఆగి, నా కుర్చీ చెయ్యి పట్టుకుంది. నేను ఊఁ అన్నాను.

"మీకు అప్పటికే వినపడట్లేదని నాకేం తెలుసు? నా నోటి మాటే తగిలిందేమోనని ఆరేళ్ళుగా రోజూ మీ ఎదురుగానే కూర్చుని చెప్పుకుంటున్నాను. మీరు తలూపేవారు. క్షమించినట్టే అనుకునేదాన్ని. తీరా చెవులు వచ్చాక చెబుదామంటే..."

ఆరేళ్ళు నా గురించి మంచి మాటలనుకుంటూ నేను తలూపింది దీనికి. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. నరం దెబ్బతిందని డాక్టరు చెప్పాడు, తిట్టుకి నరం దెబ్బతినదు. ఆ అరుపు నాకు అసలు వినపడలేదు. అన్నీ నాలుక చివర బారులు తీరి నిలబడ్డాయి. ఆవిడ ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది.

"ఊఁ," అన్నాను. "తర్వాత?"

"తర్వాతేముంది? ఆ రోజు మీరు ఆ పచ్చ చొక్కా వేసుకున్నారు. అప్పట్నుంచీ ఆ చొక్కా అంటే నాకు అసహ్యం. మీరేమో ఇవాళ కూడా అదే తగిలించుకున్నారు. తీసి పారేయండి. ఇంకా..."

ఇంకా చాలా చెప్పింది. షట్టరు పూర్తిగా దించేదాకా చెబుతూనే ఉంది. పెద్దమనిషి బల్ల మీద, నేను కుర్చీలో, ఇద్దరం విన్నాం.

అది బుధవారమే. నిచ్చెన మీదే ఉన్నాను. ఆ రోజు చొక్కా పచ్చది కాదు, నీలం. ఇక్కడ రాసుకుంటున్నాను. అక్కడ అనలేదు.